పదేళ్ళ మేస్త్రీ వేసిన మెత్తని బుష్షులు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పదేళ్ళ మేస్త్రీ అంటారు. దీని వెనక పెద్ద కథేమీ లేదు. పాత కార్ల కింద దూరి, అరిగిపోయిన బుష్షులు పీకి, కొత్తవి ఎక్కించి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఆయన అనే మాట ఒక్కటే: "పదేళ్ళు ఇటువైపు చూడక్కర్లేదు." నలభై ఏళ్ళుగా అదే మాట. ఆ మాట తప్పిన బండి ఒక్కటైనా ఉందని ఆయనంటే గిట్టనివాళ్ళు కూడా చెప్పలేరు.

బుష్షంటే ఏముంది, ఇనుముకీ ఇనుముకీ మధ్య పెట్టే పిడికెడంత రబ్బరు ముక్క. అది లేకపోతే రోడ్డు మీది ప్రతి రాయీ నేరుగా వచ్చి మన వెన్నులో దిగుతుంది. మెత్తగా ఉంటే బండి హాయిగా పోతుంది గానీ, అది త్వరగా చిరుగుతుంది. గట్టిగా ఉంటే చిరగదు గానీ... ఆ రెండో 'గానీ' గురించి మేస్త్రీ ఏనాడూ బుర్ర పాడుచేసుకోలేదు. మెత్తని రబ్బరు కంటపడితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. "ఇది బుష్షా, బన్నురొట్టా?" అనేవాడు. విడిభాగాల కౌంటర్లో కూర్చునే కూతురు నవ్వేది. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు నాన్నా, నీతో ఎవరు పడతారు!" అనేది.

ఒకనాడు పొద్దున్నే రిటైరైన లెక్కల మాస్టారొకాయన తన కారు తెచ్చాడు. మేస్త్రీ కూతురి కన్నా వయసులో పెద్ద బండి. నీలం రంగు, వెడల్పు తలుపులు, వెనకాల మంచంలాంటి పొడుగాటి సీటు.

"గతుకులో పడితే పడవలా ఊగుతోంది మేస్త్రీ. కాస్త చూడు," అన్నాడు మాస్టారు. ఆయన చెప్పింది అంతే. మన మేస్త్రీ అడిగింది అంత కూడా లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన మాత్రం ఎవరినీ ఏమీ అడక్కుండానే తనకు నచ్చిందల్లా పెట్టేశాడు. నాలుగు చక్రాలకీ గట్టి బుష్షులు, వాటికి తోడు బండి ఊగకుండా ఆపే షాకబ్జార్బర్లు, అదే షాకులు, అన్నిటికన్నా బిగువైనవి. చివర్లో రెండు చేతులూ బానెట్ మీద వేసి తన బరువంతా మోపి నొక్కాడు. బండి కదిలితే ఒట్టు. పదేళ్ళ మాట చెప్పి పంపించాడు.

నాలుగో రోజు ఆ బండే మళ్ళీ వచ్చింది. షెడ్డు బయట ఆగింది గానీ మాస్టారు దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మేస్త్రీయే దగ్గరికి వెళ్ళాడు.

"ఏం మాస్టారూ, ఏమన్నా శబ్దం వస్తోందా?"

"శబ్దమేం లేదయ్యా. నీ పనికి వంక పెట్టడానికి రాలేదు. బండి రాయిలా ఉంది." మాస్టారు వెనక సీటు వైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడకి జబ్బు ఎముకల్లోకి పాకింది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొత్త కార్లలో సరిగ్గా పడుకోలేదు, బెల్టు కొక్కేలు వెన్నులో గుచ్చుకుంటాయి. ఈ సీటు మీదయితే కాళ్ళు చాపుకుంటుంది. ఊగితే కడుపులో తిప్పుతుందని నీ దగ్గరికి తెచ్చాను. ఇప్పుడు ఊగడం లేదు గానీ..."

"గానీ?"

"నిన్న దారి పొడుగునా తువ్వాలు నోట్లో కుక్కుకుంది. మూలిగితే నాకు వినపడుతుందని."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. బండి నిలబడుతుందా లేదా అని చూశాడే తప్ప, అందులో ఎవరు పడుకుంటారో అడగాలన్న ఇంగితం నలభై ఏళ్ళలో ఒక్కసారి కలగలేదే! మాస్టారుని షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, కూతుర్ని పిలిచాడు.

"నువ్వు తోలు తల్లీ. నేను వెనకాల పడుకుంటా. కూడలి దాకా పోయి వద్దాం."

ఎన్ని వేల బానెట్లు నొక్కాడో గానీ, ఆయన ఏనాడూ వెనక సీట్లో పడుకున్న మనిషి కాదు. వీధి చివర మ్యాన్‌హోల్ మూత మీద చక్రం ఎక్కగానే నడుములో ఎవరో గునపం దించినట్టయింది. ఆ తర్వాత రోడ్డు మీది చిన్న రాయి దగ్గర్నుంచి ప్రతిదీ విడివిడిగా తెలిసింది. తన వెన్ను నిక్షేపంగా ఉంది. అయినా ఇంత బాధ! తిరిగొచ్చాక సీటు మీదే లేచి కూర్చుని, "పాపిష్టివాణ్ణి," అన్నాడు.

ఆ పూట చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టేశాడు. కౌంటర్ మీద మూడు రకాల రబ్బరు పరిచి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి చూశాడు. గోరు దిగి, మెల్లగా పైకి తేలినదాన్ని ఎంచుకున్నాడు. తాను బన్నురొట్టె అని వెక్కిరించినది అదే. షాకుల సంగతి మాత్రం అంత సులువుగా తేలలేదు. మరీ బిగువైనవి ఇప్పటికే ఆవిడ ప్రాణం తీశాయి. మరీ వదులైనవి వేస్తే బండి గెంతి గెంతి మళ్ళీ పడవవుతుంది. ఒక్కో షాకునీ నిలబెట్టి, కడ్డీని అరచేత్తో అదిమి, అది తిరిగి పైకి ఎలా వస్తుందో చూస్తూ కూర్చున్నాడు.

"దిగేటప్పుడు మెత్తగా దిగాలి. లేచేటప్పుడు విసరకూడదు," అన్నాడు కూతురితో. ఆరు జతలు వెనక్కి పెట్టించి, ఏడో జత తీసుకున్నాడు.

మెత్తని రబ్బరుకి ఇంకో పేచీ ఉంది. బండిని జాకీల మీద గాల్లో ఉంచి బోల్టు బిగించేస్తే, కిందికి దించాక ఆ రబ్బరు పుట్టుకతోనే మెలితిరిగి ఉండిపోతుంది. బండి మోయబోయే బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

"అమ్మగారి బరువెంత ఉంటుంది మాస్టారూ?"

"ముప్పై ఎనిమిది కిలోలు. సోమవారం తూచారు," అన్నాడు మాస్టారు. "పోయినేడు అరవై రెండు." జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి, ఆ రెండింటికీ తేడా ఎంతో మాత్రం చెప్పలేదు.

మేస్త్రీ రెండు గోనెసంచుల్లో ఇసుక పోయించి, ముప్పై ఎనిమిదికి తూచి, వెనక సీటు మీద పొడుగ్గా పడుకోబెట్టించాడు. మాస్టారుని ముందు సీట్లో కూర్చోమన్నాడు. సంచులు సర్దుతూ కూతురు "ఇంతేనా నాన్నా!" అంది, అని మొహం పక్కకి తిప్పుకుంది. మేస్త్రీ బండి కింద దూరి ఒక్కొక్క బోల్టూ బిగించాడు.

బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, అలవాటైన మాట నోటిదాకా వస్తే మింగేశాడు.

"ముందే చెప్తున్నా మాస్టారూ. ఇవి పదేళ్ళు రావు. ఏడాదొస్తే గొప్ప."

ఆ మాట ఆయన నోట ఎవరూ ఎన్నడూ విని ఎరగరు. మాస్టారు తలూపాడు.

"డాక్టరు మాకు అంత చెప్పలేదు మేస్త్రీ."

మేస్త్రీ చేతిలో గుడ్డని అలా పిండుతూనే ఉండిపోయాడు.

మర్నాడు తానే తోలతానని వాళ్ళింటికి వెళ్ళాడు. మాస్టారూ, తనూ కలిసి ఆవిడని మెల్లగా సీటు మీదికి చేర్చారు. ఆవిడ చేతిలో మడత పెట్టిన తువ్వాలు ఉంది. ఆవిడ మేస్త్రీని ఎగాదిగా చూసింది.

"పదేళ్ళ మేస్త్రీవి నువ్వేనా? మొన్న చంపేశావు కదయ్యా!"

"తప్పయిపోయిందమ్మా."

"సర్లే. ఇవాళ బతికించు చూద్దాం," అంటూ తువ్వాలు అంచు నోటి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

బండి కదిలింది. వీధి మలుపు దాటింది. మేస్త్రీ చెవులు రెండూ వెనక సీట్లోనే ఉన్నాయి. రైలు గేటు దగ్గర పట్టాలు రాగానే మాస్టారు ఊపిరి బిగబట్టాడు. ముందు చక్రాలు దిగి లేచాయి, వెనక చక్రాలు దిగి లేచాయి. మూలుగు లేదు. గేటు దాటి ఇంకా కొంత దూరం పోయారు. అప్పుడూ లేదు. ఉన్నట్టుండి మాస్టారు మేస్త్రీ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపు. ఆపు మేస్త్రీ. చప్పుడు లేదు."

వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఆయనకి లేదు. మేస్త్రీ బండి పక్కకి తీసి ఆపి, తానే తిరిగి చూశాడు. తువ్వాలు జారి కింద పడి ఉంది. ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గుండె మీది దుప్పటి నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది.

"నిద్రపోతున్నారు మాస్టారూ."

"నిద్రా?"

"చూడండి. మంచి నిద్రలో ఉన్నారు."

మాస్టారు అప్పుడు తిరిగి చూశాడు. పదకొండు రాత్రులయింది ఆవిడకి కంటి మీద కునుకు లేక. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆవిడ లేవకుండా, కుమిలికుమిలి ఏడ్చాడు. మేస్త్రీకీ కళ్ళు మసకబారాయి.

ఆసుపత్రి ఆవరణలో నీడ చూసి బండి ఆపారు. కాసేపటికి అటెండరు వచ్చి అద్దం మీద తట్టబోతే మాస్టారు గాభరాగా వద్దని చెయ్యి ఊపి, అద్దం రెండువేళ్ళ మందం దించాడు.

"మీ వంతొచ్చింది సార్. ఆలస్యమైతే మళ్ళీ సాయంత్రమే."

"మా వంతు వెనకవాళ్ళకిచ్చెయ్యి నాయనా," అన్నాడు మాస్టారు గుసగుసగా. "సాయంత్రమే కానీ."

మేస్త్రీ దిగుదామని తలుపు పిడి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. ఆ పాత తలుపు తెరిస్తే చప్పుడవుతుంది. ఆవిడ లేచేదాకా ఇద్దరూ అలాగే కదలకుండా కూర్చున్నారు.