వెర్నా టిజార్డ్ ఆదివారాలు
కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చేపల పడవలకు రేడియోలు చేసే చిన్న కంపెనీలో వెర్నా టిజార్డ్ ఇంజనీరు. ఆ రేడియో తన వేగాన్ని తానే మార్చుకుంటుంది. సిగ్నల్ బాగుందని ఒడ్డు నుంచి కబురొస్తే సందేశాన్ని గబగబా పంపుతుంది, లేకపోతే నింపాదిగా. నింపాదిగా పంపితే తప్పులు తక్కువ. చిక్కల్లా పెద్ద అలలతోనే. పడవ అల నెత్తిన ఉన్నప్పుడు “బాగుంది” అని కబురొస్తుంది. దాన్ని నమ్మి రేడియో సందేశం పంపేసరికి పడవ రెండు అలల మధ్య గుంటలో ఉంటుంది. సందేశం ముక్కలైపోతుంది.

“తుఫానులో నింపాదిగానే పంపేలా పెడదాం” అంది వెర్నా.

“నత్తనడక రేడియో ఎవడు కొంటాడమ్మా? సగటున తప్పులు తక్కువేగా!” అన్నాడు యజమాని.

వెర్నా ఆయన చెప్పినట్టే చేసింది. తొలి రేడియోను తమ్ముడు లియాండర్ పడవకే బిగించింది.

నవంబరు గాలివానలో ఆ పడవలోకి నీళ్లొచ్చి మునిగిపోయింది. చలిని ఆపే సూటు తొడుక్కుని తోటి జాలరి గార్లాండ్ ఒక్కడే బతికాడు.

“రేడియో మీటను వదల్లేదు లియాండర్” అని చెప్పాడతను. “సూటేసుకోరా అంటే, ‘అక్క చేసిన రేడియోరా, అందుతుంది, ఉండు’ అన్నాడు.”

ఒక్క సందేశమూ అందలేదు. ఒడ్డున తెర మీద మాత్రం సిగ్నల్ బాగుందనే ఉంది.

తల్లి ఫిలొమీనా కూతుర్ని తిట్టలేదు. ఆదివారం భోజనానికి పిలిచింది. ఉప్పుమాంసం, క్యాబేజీ వడ్డించి, బల్ల దగ్గరున్న చర్చి ఫాదర్‌ను చూపించింది.

“ఏమే, తమ్ముడెట్లా పోయాడో ఫాదర్‌కి చెప్పు. ఆ సగటంటే ఏంటో కూడా చెప్పు.”

వెర్నా చెప్పింది.

“చూశారా ఫాదర్, మా పిల్ల ఎంత చదివిందో! ఇంకో ముక్క వేసుకోవే.”

ప్రతి ఆదివారం ఒక కొత్త చుట్టం. అదే కథ, అదే మెచ్చుకోలు. వెర్నా ఉద్యోగం మానేసింది. ఒకసారి భోజనానికి వెళ్లకపోతే, తల్లి పళ్లెం నింపి లియాండర్ కూతురు జెస్సాతో ఇంటికే పంపింది.

“చల్లారకముందే తినమంది నాన్నమ్మ. వచ్చేవారం నాన్న స్నేహితులొస్తారంట.”

వెర్నా మళ్లీ ఎప్పుడూ మానలేదు.

ఏళ్లు గడిచి ఫిలొమీనా పోయింది. శ్మశానం నుంచి తిరిగొస్తుంటే వెర్నాకు ఒళ్లంతా తేలికైనట్టు అనిపించింది. జెస్సా వచ్చి చెయ్యి పట్టుకుంది. అప్పటికి పెళ్లీడుకొచ్చింది.

“అత్తా, ఈ ఆదివారం మా ఇంటికి రా. నేను చేసుకోబోయే అతని వాళ్లు వస్తున్నారు. ఆ కథ వాళ్లింకా వినలేదు.”



“ఎన్నింటికి?” అంది వెర్నా.