నా మొదటి మాట విన్న పంతులమ్మ

మా బాలవాడి పంతులమ్మ పోయిందని మొన్న పొద్దున ఆర్మూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్రల్నే పోయిందక్కా. తొంభై దాటినయి గద" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆమె చేతుల్లో నేను పెరిగిన రోజులు ఊహ తెలిసీ తెలియనివి. సగం నాకు గుర్తున్నవి, సగం అమ్మ చెప్పగా గుర్తున్నట్టు అనిపించేవి. ఇప్పుడు వాటిని విడదీయలేను.

అరవైల మొదట్లో సంగతి. నాలుగో ఏడు వచ్చినా నాకు మాట రాలేదు. మాటలకు ముందరి జ్ఞాపకాలు కలల్లా ఉంటాయి, వాటిలో దేనికీ పేరుండదు. పెద్ద కడాయిలో పసుపు ఉడుకుతున్న వాసన, ఆవిరిలో కనబడీ కనబడని అమ్మ చేతులు, అంతే. ఇంట్లో మాత్రం దిగులు. నానమ్మ నన్ను మూగపిల్ల అనే అనుకుంది. పసుపు పనుల్లో చూసుకునేవాళ్ళు లేక అమ్మ నన్ను బాలవాడిలో దింపింది.

అదొక బండల గది, ముందు వరండా, పదిహేను మంది పిల్లలం. పంతులమ్మకు అప్పుడు పాతికేళ్ళుంటాయేమో. మొదటి రోజే నా వెనక నిలబడి ఇత్తడి గ్లాసు కింద పడేసిందట. నేను గిరుక్కున తిరిగాను.

"చెవులు మంచిగున్నయి చెల్లె. జర ఓపిక వట్టు" అంది అమ్మతో.

ఆ తర్వాత నన్ను ఏమీ అడగలేదు. తనే మాట్లాడేది. చింతగింజలిచ్చి చిన్నవి ఒక పక్క, పెద్దవి ఒక పక్క పెట్టిస్తూ ఒక్కో గింజకూ ఏదో కబురు చెప్పేది. నేను గౌను గుండీతో కుస్తీ పడుతుంటే పక్కన కూర్చుని ఊరికే చూసేది. ఎవరైనా సాయానికి వంగితే, "చేతులు నేర్సుకుంటున్నయి, తొందర వెట్టకుండ్రి" అనేది.

ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నేను కుండ వైపు వేలు చూపగానే నానమ్మ నీళ్ళు ముంచి ఇచ్చింది.

"అవ్వా, వేలు సూపంగనే అన్ని అందుతుంటె దానికి నోటితోని ఏం పని? జర ఆగి ఇయ్యి" అంది పంతులమ్మ.

నానమ్మ భగ్గుమంది. "పోరిని దూపతోని సంపుమంటవా? రేపటిసంది దీన్ని నీ బడికి పంపనే పంప!"

అమ్మ తలుపు చాటున నిలబడి ఏడ్చింది. పంతులమ్మ మాత్రం వెళ్ళిపోలేదు. నానమ్మ పక్కనే చతికిలబడింది. "నీ ప్రేమ నాకెరుకనే అవ్వా. నీళ్ళియ్యి, గని నీళ్ళు, నీళ్ళు అనుకుంట ఇయ్యి. నువ్వే వచ్చి మా బడిల కూసో, నేనేం జేస్తున్ననో సూడు."

నానమ్మ నిజంగానే వచ్చింది. నాలుగు రోజులు వరండా గోడకు ఆనుకుని కాపలా కాసింది. ఐదో రోజు నా చేతిలోని చెక్క గుర్రాన్ని నా ఈడు పిల్ల ఒకతి లాక్కుంది. నేను వేలు చూపాను. ఎవరూ కదల్లేదు. ఆ పిల్ల జుట్టు పట్టుకున్నాను. నానమ్మ లేవబోతే పంతులమ్మ చేయి పట్టి ఆపింది.

"నాది!" అని అరిచాను.

గొంతులోంచి ఏదో వెచ్చగా బయటికి దూకినట్టు నాకు గుర్తు. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మొదటి మాటనే కొట్లాటాయె!" అంది.

"కొట్లాడనీ అవ్వా. పక్కన ఒక మనిషి ఉన్నదని తెలిసింది గద" అని పంతులమ్మ నవ్వింది.

మధ్యాహ్నానికి ఆ పిల్లా నేనూ ఒకే గుర్రం మీద ముందూ వెనకా కూర్చున్నాం. ఇప్పటికీ మాది విడిపోని స్నేహం. బడికి పంపనన్న నానమ్మే ఆ తర్వాత రోజూ నన్ను దింపి వెళ్ళేది.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను: "నాకు మాటలు రాకపోతే ఏం జేస్తుంటివి పంతులమ్మా?"

"ఏమున్నది బిడ్డా, ఇద్దరి మాటలు నేనే మాట్లాడుతుంటి."

పసుపు ఎండే రోజుల్లో కల్లాల మీదుగా పరుగెత్తుకొచ్చే మా అరికాళ్ళు ఆ గది బండల మీద పసుపుగా అచ్చుపడేవి. ఎవరు మడమ ఆనించి నడుస్తున్నారో, ఎవరు ఇంకా మునివేళ్ళ మీదే ఉన్నారో ఆమె వాటిలో చూసేది. ఒకనాడు మరిచిపోయిన పలక కోసం నేను వెనక్కి వచ్చాను. అందరూ వెళ్ళిపోయారు. వాలిన ఎండ గదినిండా పరుచుకుని ఉంది. ఆమె చీపురు మూలన పెట్టేసి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, ఆ పసుపు అడుగుల్లో ఒక్కటీ చెరగకుండా గోడ వెంబడి మెల్లగా నడుస్తోంది.