గ్రైండరుకు పెట్టిన బొట్టు

ఆయుధ పూజ నాడు నా లగేజీ ఆటోకు స్నానం చేయించి, గంధం పూసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. బెంగళూరు మారతహళ్ళిలో ఆ రోజు ఈ మర్యాద జరగని యంత్రం ఉండదు. అది చూసి మా ఆవిడ, "నీ ఆటో ఒగటేనా అన్నం పెట్టేది?" అని తన గ్రైండరుకూ పూజ మొదలుపెట్టింది. మా వీధిలో సగం ఇళ్ళకు దోసెల పిండి పోయేది దాంట్లోంచే. అందుకని ఏ లోటూ చేయలేదు. చెంబులతో నీళ్ళు పోసి తలంటింది. మోటారుకు గంధం, స్విచ్చికి గంధం, ప్లగ్గు మూడు కాళ్ళకూ మూడు బొట్లు.

మర్నాడు పొద్దున గ్రైండరు వేయగానే బిల్డింగంతా కరెంటు పోయింది.

మా బిల్డింగు మొత్తానికి ట్రిప్ స్విచ్ ఒకటే. అది కింద ఓనరక్క వంటింట్లో ఉంటుంది. ఎవరింట్లో తేడా వచ్చినా అందరి ఫ్యాన్లూ కలిసే ఆగుతాయి. ఐకమత్యం అంటే అదే. ఓనరక్క తాతల నాటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగామె. కింది నుంచి అరిచింది.

"ఏమప్పా, ఏం పెట్నారు పైన?"

"ఏం లేదక్కా, పిండి."

"పిండికి కరెంటు పోతాదా?"

ఆమె స్విచ్ ఎత్తింది. మా ఆవిడ గ్రైండరు వేసింది. మళ్ళీ పోయింది. ఈసారి ఓనరక్క మెట్లెక్కి వచ్చింది.

"ఇంగొక తూరి కరెంటు పోయిందంటే ఆ గ్రైండరు నా ఇంట్లో ఉండేదానికి లే. చెప్పినా!"

ఆమె దిగిపోయాక మా ఆవిడ నానబెట్టిన మినప్పప్పు వైపు చూస్తూ నిలబడింది. గ్రైండరు పోతే పిండి లేదు, పిండి లేకపోతే తనకు పని లేదు.

"నీకు కరెంటు గురించి ఏమన్నా తెలుసునా?" అంది.

"నేను ఆరో తరగతిలో బడి మానేసినా. కరెంటు పాఠం ఏడులో ఉండాదంట."

అయినా పూజ దాకా అది బాగానే తిరిగిందన్న సంగతి ఆరో తరగతికే అందింది. ప్లగ్గు పీకి చూస్తే గంధం ఇంకా పచ్చిగానే ఉంది. అడుగు మూత విప్పితే మోటారు కూడా శుభ్రంగా స్నానం చేసి ఉంది.

"తడి," అన్నాను.

"పూజకు పెట్టింది తడంటావా?"

"దేవునికి షాకు కొట్టదు లే."

పాత బ్రష్షుతో గంధం గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఇద్దరం మోసుకెళ్ళి మిద్దె మీద ఎండలో పెట్టాం. వడియాలకు కాపలా కూర్చున్నట్టు మా ఆవిడ దాని పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం మళ్ళీ కరెంటు పోయింది.

"చెప్పినా గదా! చెప్పినా గదా!" అంటూ ఓనరక్క మిద్దె దాకా వచ్చింది. వచ్చి గ్రైండరును చూసింది. తరువాత దాని వైరును చూసింది. వైరు బట్టల తీగ మీద ఆరుతోంది.

"ఇప్పుడు మీరేం వేసినారక్కా?" మా ఆవిడ చాలా మర్యాదగా అడిగింది.

"వాషింగ్ మెషీను."

"పూజ చేసినారా?"

"చేయకుండా ఉంటామా? కొత్తది. ప్లగ్గుకు గూడా గంధం..." ఓనరక్క అక్కడ ఆగింది.

"అయితే దాన్ని ఎవురింటికి పంపిద్దామక్కా?" అన్నాను.

"నువ్వు గమ్మునుండప్పా." మా ఆవిడ వైపు తిరిగింది. "ఆ బ్రష్షు తీసుకోని రవ్వంత కిందికి రామ్మా."

మా ఆవిడ లేవలేదు. "దీన్ని పంపించేయాల గదక్కా. మూట కట్టుకోవాల."

"యాడికీ పంపించేది లే! నాకూ ఒక డబ్బా పిండి ఎత్తిపెట్టు."

అప్పుడు లేచింది. బ్రష్షు పట్టుకుని కిందికి పోతూ, కాకులు వాలకుండా చూసుకోమని నాకు చెప్పింది.