మూడు బాప్తిస్మాల మా బావ దేవదానం

నిన్న ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా బావ దేవదానం బోరబండలో తన ఇంట్లో చనిపోయారు. వయసు నలభై తొమ్మిది.

రాత్రి వరకు ఆయన భూస్థాపనకు ఒక్క చర్చి సంఘం కూడా ఒప్పుకోలేదు.

అక్క ఫోన్ వచ్చేసరికి నేను మెట్రోలో ఉన్నాను. "బావ లేడురా" అంది. అంతే.

చావు వార్తలు రాయడం నా ఉద్యోగంలో భాగం. అయినా చివరి స్టేషన్ మియాపూర్‌లో అందరూ దిగిపోయాక కూడా సీట్లోనే కూర్చుండిపోయాను. సెక్యూరిటీ అతను వచ్చి లేపాడు.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం: బావ హైటెక్ సిటీలో ఒక ఐటీ బిల్డింగ్‌లో ఏసీ టెక్నీషియన్. రెండేళ్లుగా కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు డయాలసిస్.

ఆయన మూడుసార్లు బాప్తిస్మం తీసుకున్నారు. నిన్న జరిగినదంతా దాని గురించే.

మొదటిది పసివాడిగా ఉన్నప్పుడు, బోరబండలో వాళ్లమ్మ వెళ్లే చర్చిలో. తల మీద నీళ్లు చిలకరించారు.

రెండోది మా అక్కతో పెళ్లికి ముందు. మా కుటుంబానిది మియాపూర్ సంఘం. చిలకరింపు అసలు బాప్తిస్మమే కాదన్నారు మా పాస్టర్. "ముంచకుండా పెళ్లి చెయ్యనండి" అన్నారు. బావ తొట్టిలో మునిగారు.

మూడోది జబ్బు మొదలయ్యాక. వాళ్ల బిల్డింగ్‌లో పనిచేసే ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తమ కారులో ఆయన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లేవారు. వాళ్లది గోపన్‌పల్లిలో ఒక సంఘం. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని, యేసు నామంలోనే ఇవ్వాలని అక్కడి పాస్టర్ చెప్పారు. బావ మళ్లీ మునిగారు.

మూడోసారి ఏంటి బావా, సిగ్గుగా లేదా అని కోప్పడ్డాను.

"ఏంది బామ్మర్ది, గింత పరేషాన్ అయితవు. ఆ పిల్లలు ఆఫీసు ఇడిసిపెట్టి నన్ను దవాఖానకు తీస్కపోతుండ్రు. నీళ్లల్ల మునుగుమంటే మునగనా? జలుబు తప్ప నాకేం గాలె."

ప్రతి బుధవారం లంచ్ టైమ్‌లో బావ ఆ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో, పంపుల గది పక్కన చాప పరిచేవారు. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, డ్రైవర్లు, పై అంతస్తుల నుంచి ఐడీ కార్డులు వేసుకున్నవాళ్లు వచ్చి ఇరవై నిమిషాలు ప్రార్థన చేసుకునేవారు.

ఎవరిది ఏ సంఘమని అడగకూడదు. ఉన్న నియమం అదొక్కటే.

కొత్తగా వచ్చిన టీమ్ లీడ్ ఒకాయన అడిగాడు, "అన్నా, మీది ఏ చర్చి?"

"సార్, చెప్పులు ఏడ ఇడిసినవ్?"

"మెట్ల దగ్గర."

"గా చర్చి పేరు గూడ ఆడనే ఇడిసి రా. పోయేటప్పుడు ఏస్కపో, ఎవ్వరు ఎత్కపోరు."

ఈ బుధవారాల సంగతి పాస్టర్లకు తెలిసింది. తప్పుడు బోధ ఉన్నవాళ్ల పక్కన మోకరిస్తే మీరూ వాళ్లలో కలిసినట్టే అని మియాపూర్ పాస్టర్ ఆదివారం ప్రసంగంలోనే అన్నారు. గోపన్‌పల్లి సంఘం అదే మాట వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

మియాపూర్‌లో ఆ ఆదివారం నేనూ కూర్చుని ఉన్నాను. లేచి బయటికి రాలేదు.

పద్నాలుగు మంది వచ్చే చోట ముగ్గురు మిగిలారు. బావ చాపను అంతే పొడవునా పరిచేవారు.

ఆయన చివరి కోరిక వాళ్లమ్మ పక్కన పడుకోవడం. ఆమె సమాధి బోరబండ చర్చివాళ్ల సమాధుల తోటలో ఉంది. పక్కన ఖాళీ ఉంది. నిన్న వెళ్లి చూసి వచ్చాను.

పది గంటలకు ఆ చర్చి కమిటీ సెక్రటరీని కలిశాను. రిజిస్టర్ తీసి చూపించారు. బావ పేరు మీద ఎర్ర గీత. "వేరే కాడ బాప్తిస్మం తీస్కున్ననాడే కొట్టేసినం. మా సభ్యుడు గాదు."

పన్నెండుకు మియాపూర్ పాస్టర్. "మమ్మల్ని కాదని వెళ్లిన మనిషండి. ఇప్పుడు మేమొస్తే మా విశ్వాసులకు ఏం చెప్పుకోవాలి?" బావ పెళ్లి చేసింది ఈయనే.

మూడింటికి గోపన్‌పల్లి పాస్టర్. వాళ్లకు సమాధుల తోట లేదు. తాను వచ్చి ప్రార్థన చేస్తారట, కానీ ఇంకే సంఘంవాళ్లూ అక్కడ నోరు విప్పకూడదట.

క్రీస్తు సంఘం ఒక్కటే అని ఈ మూడు చోట్లా ప్రసంగాలు విన్నాను. నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

సాయంత్రం ఆరింటికి సెక్రటరీ ఫోన్ చేశారు. తర్వాతి రెండు బాప్తిస్మాలూ తప్పేనని, అందుకు పశ్చాత్తాపపడుతున్నామని భార్య సంతకంతో ఉత్తరం ఇస్తే తోట గేటు తాళం తీస్తారట.

ఆ ఉత్తరం నేనే టైప్ చేశాను. నాలుగు వాక్యాలు. మనిషి ఐస్ బాక్సులో ఉన్నాడు, ముందు పని కావాలి అనుకున్నాను. ప్రింట్ తీసి, పెన్నుతో సహా అక్క చేతిలో పెట్టాను.

అక్క రెండుసార్లు చదివింది.

"రెండోసారి నా కోసం మునిగిండు. మూడోసారి ఆ పిల్లల మనసు నొప్పియ్యద్దని మునిగిండు. గిండ్ల ఏది తప్పని రాయాల్రా?"

కాగితం, పెన్ను తిరిగి నా చేతిలో పెట్టింది.

"నేను సంతకం పెట్ట. రేపు గేటు కాడికే తీస్కపోదాం. తియ్యకుంటే ఆడనే కూసుందాం. ఎన్ని గంటలు కూసుంటమో వాళ్లే సూస్తరు."

సెక్రటరీకి ఆ మాటే చెప్పాను. "గట్లయితే తాళం తియ్యం" అన్నారు.

ఆయనకూ, ఇద్దరు పాస్టర్లకూ ఈ పోస్ట్ పంపాను. ఇందులో ఒక్క వాక్యం తప్పున్నా చెప్పమన్నాను, దిద్దుతాను. ఇంతవరకు ఎవరూ ఏదీ తప్పనలేదు.

సెలవు, బావా. ఇకనైనా నీకు నెమ్మది దొరకాలి.

ఈ సాయంత్రం నాలుగు గంటలకు బోరబండలో ఇంటి నుంచి బయల్దేరుతున్నాం. నాలుగున్నరకు సమాధుల తోట గేటు దగ్గర ఉంటాం. సెక్రటరీని కూడా ఆ టైమ్‌కే రమ్మన్నాను.

ప్రార్థన అక్క చేస్తుంది.