పేజీ బయట రాసిన మాట

చిత్తూరులో నాకు డిజైనింగ్ నేర్పిన సార్ పోయారని పోయిన మంగళవారం వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఒక పని చెప్పింది. పదకొండో రోజు కార్డుకు ఫోటో కావాలి. ఊరందరి ఫోటోలూ కార్డుల్లో వేసిన మనిషికి బాగున్న ఫోటో ఒక్కటే ఉంది. అది ఆయనే డిజైన్ చేసి సీడీలో దాచిన పాత ఫైల్లో ఉంది.

"యాడా తెరుసుకోలేదక్కా. ఫైలు సెడిపోయిందంటా ఉండారు," అంది.

చెడిపోయిందా! ఆ మాట వింటే సార్‌కు ఎంత కోపమో నాకు తెలుసు.

డిగ్రీ కాగానే ఆయన డీటీపీ సెంటర్లో చేరాను. అవి ఫ్లాపీల రోజులు. ఎవరు ఫ్లాపీ తెచ్చినా "ఏ వెర్షనప్పా?" అనేవారు. కూర్చోమనడం ఆ తర్వాతే. ఒకసారి ఐరాల నుంచి ఒక రైతు కూతురి పెళ్ళికార్డు ఫ్లాపీ తెచ్చాడు. తిరుపతిలో చేయించాడట. మా దగ్గరున్నది డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ ఐదో వెర్షన్, అది చేసింది ఎనిమిదిలో. తెరుచుకోకపోయేసరికి చెడిపోయిందని చెప్పేశాను. పాపం, ఆయన మొహం వాడిపోయింది.

సార్ విసురుగా లేచారు. "సెడిపోయిందనొద్దు పాపా. మనకు సదవడం రాలేదని సెప్పు." ఆ ఫ్లాపీ జేబులో వేసుకుని బస్సెక్కి తిరుపతి పోయారు. ఐదులో సేవ్ చేయించుకుని సాయంత్రానికి వచ్చారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఎనిమిది కొన్నా ఐదును తీసేయలేదు. ఆయనకు ఇంకో అలవాటుండేది. తెర మీద పేజీ గీత బయట కాస్త ఖాళీ జాగా ఉంటుంది. అక్కడేం రాసినా ప్రింటులో పడదు. ప్రతి ఫైల్లోనూ అక్కడ చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాసేవారు. "ఎనిమిదిలో తెరిస్తే నీడలు జరుగుతాయి, సూసుకో" లాంటివి. ఫాంటు లేనిచోట కూడా చదవగలగాలని ఆ అక్షరాలను బొమ్మలుగా మార్చేవారు.

"ఎవురి కోసం సార్ ఇదంతా?" అని నవ్వాను.

"నా తర్వాత తెరిసేవాళ్ళకు. వాళ్ళెవురో నాకు తెల్దు గదా!"

నిన్న సార్ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పాత కంప్యూటర్ దుప్పటి కప్పుకుని మూల ఉంది. మొరాయించి మొరాయించి ఆన్ అయింది. ఇప్పటి వెర్షన్లు అంత పాత ఫైళ్ళను తెరవలేవు; అందుకే సీడీ పెట్టి, ఐదో వెర్షన్లోనే ఫైలు నొక్కాను. చాలాసేపు తెర తెల్లగానే ఉంది. వాళ్ళమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది.

సార్ వచ్చారు. తెల్లచొక్కా, జేబులో పెన్ను. ఫోటో తీసేవాడికేదో నేర్పుతున్నట్టు చూపు పక్కకుంది. పేజీ బయట చిన్న అక్షరాలు: "ఇది ఐదులో చేసినాను. తెరుసుకోకుంటే సెడిపోయిందనుకోవద్దు. మెల్లిగా ఒక్కో మెట్టూ పైకి తీసుకుపో."

ఇద్దరం ఏడ్చేశాం. తర్వాత ఆయన చెప్పినట్టే దాన్ని అక్కడే ఎనిమిదిలో తెరిచి సేవ్ చేసి, నా కంప్యూటర్‌లోకి తెచ్చి పదమూడులో తెరిచాను. కార్డు ప్రింటుకు వెళ్ళింది.

ఫైలు మూసే ముందు, పేజీ బయట ఆయన రాసినదాని కింద నేనూ ఒక వరస కొట్టాను. అక్షరాలను బొమ్మలుగా మార్చాను.

"పదమూడులో తెరుచుకుంది సార్."