మేష్టారి గీత, యజమాని కోటా

మా లెక్కల మేష్టారు పోయారని పలాస స్టేషన్ దగ్గర ఆటో అతను చెప్పాడు. సంతాప సభ ఎవరు పెడుతున్నారో కూడా చెప్పాడు. మా అమ్మ ఇప్పటికీ జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీ యజమాని. ఏడుపుకన్నా ముందు నాకు రోత పుట్టింది.

మేష్టారికీ రోత ఎక్కువే. జవాబు పక్కన యూనిట్ లేకపోతే పాచిపోయిన కూర వాసన తగిలినట్టు ముఖం పెట్టేవారు. "ఏడంటే ఏటి ఏడు? గంటకా, రోజుకా? ఛీ, అవతలికి పట్టుకెళ్ళు." గ్రాఫులో స్కేలు పెట్టి చుక్కలన్నీ బలవంతాన కలిపితే పుస్తకం మొహాన కొట్టేవారు. గీత వంగిన చోటే మనిషి కనపడతాడని ఆయన మాట.

తొంభైల చివర, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఫ్యాక్టరీలో కోటా పెట్టారు. తొలి గంటలో కొట్టిన కిలోల్ని పని గంటలతో గుణించి, రోజుకి అంత పప్పు తెమ్మన్నారు. తేకపోతే మర్నాడు పని లేదు. పిక్క నూనెకి అమ్మ వేళ్ళు పొక్కిపోయేవి. మేష్టారితో చెప్పాను.

ఆయన గ్రాఫు కాగితం తెచ్చి, గోనెసంచి మీద కూర్చుని, గంటగంటకీ అమ్మ పప్పు తూయించి చుక్కలు పెట్టారు. పొద్దున్న నిటారుగా లేచిన గీత మధ్యాహ్నం దాటాక వాలిపోయింది. తొలి గంట జోరు రోజంతా నిలవదని మేష్టారు చూపిస్తే, యజమాని దాన్ని తిప్పితిప్పి చూశాడు.

"ఈ నిటారు ముక్క సూడండి మేష్టారూ. సెయ్యగలిగీ సెయ్యట్లేదన్నమాట."

ఆ ముక్కనే స్కేలుతో పైదాకా పొడిగించి గోడకి అంటించాడు. కోటా ఇంకా పెంచాడు. ఇంత నీచం నేను మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రం మేష్టారు మా ఇంటికొచ్చి టీ కూడా ముట్టలేదు.

"నా గీతే నీ మెడకి సుట్టుకుందమ్మా."

"మీరు తప్పేటి రాసారు బాబూ? సదవడం ఆడికి రాలేదు గానీ," అంది అమ్మ.

సభలో ఫొటోకి మొదటి దండ యజమానిదే. మైకు పట్టుకుని, "మేష్టారి గీత మీదే మా ఫ్యాక్టరీ నడుస్తంది," అని కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నా పక్కన చూస్తే అమ్మ లేదు.

రేపు పని ఉండదని ఆమెకి తెలుసు. అయినా తిన్నగా వెళ్ళి, ఫొటో మీది ఆ దండ తీసి, వేదిక మీద అతని ఖాళీ కుర్చీకి వేసి వచ్చింది.

యజమాని మాట ముగించి వెనక్కి తిరిగాడు. దండ వేసిన కుర్చీలో కూర్చోలేక, తియ్యమని ఎవరికీ చెప్పలేక, సభ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.