టార్నీట్‌లో ఒక లైన్‌బ్యాకర్

తడిసిన షోల్డర్ ప్యాడ్ల కంపు ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. చెమటా, గడ్డీ, రబ్బరూ కలిసి మురిగిన వాసన. ఈ ఉదయం గరాజ్ తలుపు ఎత్తగానే, భుజాలకి కట్టుకుని ఆడే నా ప్యాడ్లలోంచి అది గుప్పున కొట్టింది. మా అత్తయ్య ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "అమ్మాయ్, ఆ దరిద్రాన్ని బయట పారెయ్యవే" అంది. పారెయ్యలేదు సరికదా, నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు రూబెన్ గారు కళ్ళ ముందుకొస్తారు. తలుపులోంచి వస్తే తలుపు నిండిపోయే మనిషి. మెడ ఎక్కడ ఆగిందో భుజం ఎక్కడ మొదలయిందో తెలియదు. అమెరికాలో పదేళ్ళకు దగ్గరగా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడి, ఇక్కడే పక్కనున్న వెర్రిబీలో పుట్టి పెరిగిన నర్సు హెలెన్‌ని పెళ్ళి చేసుకుని, మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా ఎదురింట్లో స్థిరపడ్డారు. మా వీధిలో మనవాళ్ళకి ఆయన ఉత్త 'ఎదురింటి అంకుల్'. ఆయన ఎంతటివారో తెలిశాక నాకు మాత్రం ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోబుద్ధి కాలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ కాలితో తన్నే ఆట కాదు. బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తుతారు, లేదంటే దూరంగా విసురుతారు. అవతలివాళ్ళు పట్టుకుని పడేస్తారు. అడ్డుకునే జట్టులో ముందు వరసంతా కొండల్లాంటి మనుషులు. వాళ్ళ వెనక నిలబడేవాడు లైన్‌బ్యాకర్. అందులోనూ నడిమి లైన్‌బ్యాకర్‌ది పడేసే పని ఒక్కటే కాదు. ఎదుటివాళ్ళు ఏం చెయ్యబోతున్నారో ముందే కనిపెట్టి, ఎవరెక్కడ నిలబడాలో తనవాళ్ళందరికీ అరిచి చెప్పాలి. ఆ అరుపుని కాల్ అంటారు. కాల్ తప్పితే, నిలబడకూడని చోట నిలబడ్డ మనిషికి ఎముకలు విరుగుతాయి. రూబెన్ గారు బతుకంతా చేసింది ఆ పనే.

ఆయన నన్ను పట్టుకున్నది కబడ్డీలో. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఆడవాళ్ళకి సరదాగా ఆట పెట్టారు. చీరాలలో ఇంటర్ దాకా ఆడినదాన్ని, ఊరుకుంటానా? కూతకొచ్చిన ఆవిడ చీలమండ దొరకబుచ్చుకుని కూలేశాను. పార్కు అంచున నడుస్తున్న రూబెన్ గారు ఆగిపోయి, నేరుగా నా దగ్గరికొచ్చారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి గానీ, నాకెందుకో అన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

"ఆవిడ ఎటు తిరుగుతుందో నీకు ముందే తెలిసింది. ఏం చూశావు?"

"నడుము" అన్నాను. "కళ్ళూ చేతులూ ఎన్ని వేషాలైనా వేస్తాయండీ. నడుము వెయ్యలేదు."

ఆయన ఎంత గట్టిగా నవ్వారంటే, బార్బెక్యూ పొయ్యి దగ్గర చికెన్ తిప్పుతున్న మా ఆయన కంగారుగా వెనక్కి చూశాడు. "మంగళవారం వెర్రిబీ గ్రౌండుకి రా. ఆడవాళ్ళ టీముకి నేనే కోచ్‌ని" అన్నారు. ముప్పై దాటిన ఫార్మసిస్టుని, ఇంట్లో అత్తగారు, నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటూనే వెళ్ళాను.

వెళితే బంతి ఇవ్వలేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వారాల తరబడి నన్ను ఉత్తినే నిలబెట్టి, ఎదుటి వరసలో నేలకి చెయ్యి ఆన్చి వంగిన అమ్మాయిల వేళ్ళు చూడమన్నారు. "గోళ్ళు తెల్లబడ్డాయా? ఒంటి బరువంతా ముందుకేసింది, పరిగెత్తే ఆట. వేళ్ళు ఊరికే నేలకి తగిలాయా? వెనక్కి జరగబోతోంది, విసిరే ఆట. నువ్వు పైకి చెప్పు, చాలు." నాకు ఒళ్ళు మండిపోయేది. మెల్‌బోర్న్ చలిగాలికి ముక్కు కారిపోతుంటే గోళ్ళ రంగు చూడ్డమేమిటండీ! ఒకరోజు ఆ మాటే అనేశాను. "నేను పడెయ్యడానికి వచ్చాను కోచ్, పెళ్ళిచూపులకి కాదు." ఆయన కోప్పడలేదు. "పడెయ్యడం ఎద్దు కూడా చేస్తుంది, వసూ. చూడ్డం మనం చెయ్యాలి" అన్నారు. ఆ తర్వాతి వారం ఆడనిచ్చారు. బంతి కదలకముందే నా కాళ్ళు అది వెళ్ళబోయే వైపు వెళ్ళిపోయాయి. అప్పటి సంబరం ఇంతా అంతా కాదు.

ఆయన ఆట నేను చూసింది వాళ్ళింట్లో, హెలెన్ పెట్టిన పాత వీడియోలో. స్టేడియం హోరుమంటోంది. తెరమీద కుర్ర రూబెన్ గారు వెనక్కి తిరిగి చేతులూపుతూ అరుస్తున్నారు. ఇద్దరు జరిగారు, ఒకడు వెనక్కి పరిగెత్తాడు. బంతి కదిలింది. బంతి పట్టినవాడు ఒక సందులోకి దూరబోయాడు, అప్పటికే ఆ సందులో ఈయన ఉన్నారు. వాళ్ళిద్దరూ గుద్దుకున్న చప్పుడుకి నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. "అమ్మ బాబోయ్!" అని తెలుగులోనే అరిచేశాను. ఏ పెద్ద టీమూ మొదట ఆయన్ని ఎంచుకోలేదట. బతిమాలి ట్రయల్‌కి వెళ్ళి, ఎవరూ ఇష్టపడని మోటు పనులన్నీ చేసి, ఆ నడిమి స్థానం సంపాదించారట. నేను మళ్ళీ మళ్ళీ ఆ దెబ్బే వేయించుకుని చూస్తుంటే ఆయన తల అడ్డంగా ఊపారు. "అందరూ దెబ్బ చూస్తారు. దానికి ముందు అరుపు చూడు. నాకు జీతం దానికే" అన్నారు.

ఆ సాయంత్రమే, వరండాలో కూర్చున్నాక, ఆట ఎందుకు మానేశారో చెప్పారు. చివరి సీజన్‌లో తలకి దెబ్బలు తగిలి కొన్ని వారాలుగా బుర్ర మసకమసకగా ఉండేదట. ఎవరికీ చెప్పలేదు. ఒక మ్యాచ్‌లో, అంతకుముందు తను ఆడిన వేరే టీము కాల్ నోట్లోంచి వచ్చేసింది. వెనకున్న కుర్రాడు అది నమ్మి తప్పు చోటికి పరిగెత్తాడు. ఆ కుర్రాడి మోకాలు పోయింది, అతను మళ్ళీ ఆడలేదు. జనం గోలలో సరిగ్గా వినబడలేదని అందరూ సరిపెట్టుకున్నారు. మర్నాడు టీమంతా కలిసి వీడియో చూసుకునే గదిలో ఈయన లేచి నిలబడి, "గోల కాదు. కాల్ నాదే, తప్పు నాదే. చాలా రోజులుగా నా తల బాగాలేదు" అని చెప్పి, ఆటకి దణ్ణం పెట్టి వచ్చేశారు. ఇంకా ఆడగల వయసు, పేరు మోగుతున్న రోజులు.

"ఆ మసక మళ్ళీ వస్తుందని డాక్టర్లు చెప్పారు" అన్నారు. "ఎప్పుడన్నది తెలియదు. వచ్చినప్పుడు నాకు తెలియకపోవచ్చు. హెలెన్ చెప్పదు, నన్ను దాచుకుంటుంది. నువ్వు చెప్పాలి."

"నేనా? నేనెందుకు కోచ్?"

"నీకు మొహమాటం లేదు గనక."

జీవితంలో నా నోటిదురుసుని మెచ్చుకున్నది ఆయనొక్కరే. సరేనన్నాను. ఆ రోజు రానే రాదులే అనుకున్నాను.

వచ్చింది. మొన్నటి సీజన్ సెమీఫైనల్‌లో. మా టీములో పద్ధతేమిటంటే, మైదానం అంచు గీత బయటినుంచి ఆయన చేత్తో సైగ చేస్తారు, మైదానంలో నడిమి లైన్‌బ్యాకర్‌గా నేను దాన్ని అరిచి చెప్తాను. ఆట ఆఖర్లో చూశాను, ఆయన చెయ్యి రెండుసార్లు భుజం తట్టి మెలి తిరిగింది. అది మా సైగ కాదు. మళ్ళీ చూశాను. అదే సైగ, ఇంకా గట్టిగా, ఇంకా నమ్మకంగా. నా వెనక లీనా అని యూనివర్సిటీలో చదివే పిల్ల, ఎటెళ్ళమంటే అటెళ్ళడానికి నా నోరే చూస్తోంది. ఎదుటివాళ్ళ గోళ్ళు చూసి, నాకు తోచిన కాల్ నేను అరిచాను. ఆపేశాం, గెలిచేశాం. ఎవరూ గమనించలేదు. రూబెన్ గారు చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నారు. మా క్లబ్బు అంతకుముందెప్పుడూ ఫైనల్‌కి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "ఒక్క వారం ఆగు వసూ. ఫైనల్ అవనీ. ఆయన ఎన్నేళ్ళ కల అది! ఇప్పుడే చెప్తే చంపేసినట్టే" అన్నాడు. నిజమే అనిపించింది. కానీ కళ్ళు మూసుకుంటే మోకాలు పట్టుకుని పడి ఉన్న లీనా కనిపించింది. మర్నాడు పొద్దున్నే రోడ్డు దాటి వెళ్ళాను. ఆయన పెరట్లో గడ్డి కోస్తున్నారు. మెషిన్ ఆపారు.

"కోచ్, నిన్న మీ సైగ తప్పు."

ఆయన అడిగిన మొదటి మాట, "ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు. నేను వేరే కాల్ చెప్పాను."

"నా చెయ్యి ఏం చేసిందో చూపించు."

చూపించాను. ఆయన నా చేతివంక చాలాసేపు చూశారు. అది ఆయన పాత టీముదని ఆ మొహంలోనే తెలిసిపోయింది. నేను భోరుమన్నాను. ఆ పెద్ద చెయ్యి నా తలమీద పడింది. "ఏడవకు. నేను దెబ్బ తగిలాక చెప్పాను. నువ్వు తగలకముందే చెప్పావు. నాకంటే నయం" అన్నారు. ఆ మధ్యాహ్నమే టీముకి ఫోన్ చేసి, ఫైనల్‌లో సైగలుండవని, కాల్స్ అన్నీ వసుధవేనని చెప్పేశారు. ఎందుకో కూడా దాచకుండా చెప్పారు.

ఫైనల్ రోజు ఆయన హెలెన్‌తో స్టాండులో జనం మధ్య కూర్చున్నారు. అలవాటు కొద్దీ ప్రతి ఆటకీ ముందు నేను గీత వైపు చూసేదాన్ని, అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఒకసారి మాత్రం స్టాండు వైపు చూశాను. రూబెన్ గారు కాస్త ముందుకు వంగి ఉన్నారు, కళ్ళు ఎదుటి వరస వేళ్ళ మీదే ఉన్నాయి. రెండు చేతులూ మాత్రం తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చున్నారు. ఎక్కడ పొరపాటున లేస్తాయోనని. యాభై వేలమంది హోరులో పదిమందిని నడిపించిన ఆ చేతులు! నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. హెల్మెట్ ఉంది గనక బతికిపోయాను. తిరిగి, గట్టిగా కాల్ అరిచాను.

ఓడిపోయాం, కొద్దిలో. లీనా ఒంటిమీద ఒక్క గీటు కూడా పడకుండా ఇంటికెళ్ళింది. ఇప్పుడు ఆ టీముకి నేనే కోచ్‌ని. రూబెన్ గారు ఎదురింట్లోనే ఉన్నారు. కొన్ని రోజులు నా పేరు గుర్తుంటుంది, కొన్ని రోజులు ఉండదు. నేను తప్పు చేసిన రోజున మొహం మీద చెప్పమని లీనాని అడిగి పెట్టుకున్నాను. మందుల షాపులోనూ ఒకమ్మాయికి అదే పని ఒప్పజెప్పాను. అడగడం తేలికే. చెప్పించుకున్నాక ఏం చెయ్యాలన్నదే నాకు ఇప్పటికీ భయం. ఫైనల్ అయిన సాయంత్రం హెలెన్ నన్ను పక్కకి పిలిచి ఆయన చేతులు చూపించింది. చేతుల వెనక, వేళ్ళ కణుపుల దాకా, బెంచీ చెక్కల గీతలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. ఆట మొదలయినప్పటినుంచి ఆఖరి దాకా ఆయన ఒక్కసారి కూడా ఆ చేతులు బయటికి తియ్యలేదట.